నేర్పే సార్‌కి జీతం, పోరాడే అమ్మాయికి బర్గర్ల కొట్టా?

పద్మాక్షిగుట్ట, హన్మకొండ

'బఫీ ద వాంపైర్ స్లేయర్' మళ్లీ మొదటి నుంచి చూస్తున్నా. 1997 నుంచి 2003 దాకా ఏడు సీజన్లు వచ్చిన అమెరికన్ సీరియల్. ఇంటర్ చదివే మా అమ్మాయి కూడా పక్కన కూర్చుంటోంది. పిశాచాలతో పోరాడేది బఫీ, ఆమెకు విద్య నేర్పేది స్కూల్ లైబ్రేరియన్ జైల్స్. బాగా చదువుకున్నవాడు, ఆ పిల్లంటే ప్రాణం పెడతాడు.

మూడో సీజన్‌లో బఫీకి పద్దెనిమిదో పుట్టినరోజు వస్తుంది. ఆ వయసుకు రాగానే ఆమె బలం తీసేసి, ఒక పిశాచంతో కలిపి ఇంట్లో బంధించి పరీక్ష పెట్టాలని, జైల్స్ లాంటి గురువులను నియమించే ఇంగ్లండ్ కౌన్సిల్ ఆచారం. బలం పోయే మందు ఎక్కించేది జైల్సే. స్ఫటికం వైపు చూస్తూ ఉండమంటాడు, ఆమె ఒళ్లు మరిచిపోగానే చేతికి సూది గుచ్చుతాడు. నాకేదో అవుతోంది సార్ అన్నట్టు ఆ పిల్ల భయపడుతూ ఆయన దగ్గరికే వస్తుంది. ఆయన ఏమీ ఎరగనట్టు ధైర్యం చెప్తాడు!

చివరికి నిజం ఒప్పుకుంటాడు, తండ్రి ప్రేమ ఎక్కువైందని కౌన్సిల్ ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేస్తుంది. "పాపం జైల్స్" అంది మా అమ్మాయి. నాకు కడుపు రగిలిపోయింది.

ఇంకోటి, జీతం. ఐదో సీజన్‌లో బఫీ కౌన్సిల్ మెడలు వంచి జైల్స్ ఉద్యోగం పాత బకాయిలతో సహా ఇప్పిస్తుంది. తనకోసం పైసా అడగదు. ఆరో సీజన్‌కి తల్లి లేదు, చెల్లెల్ని సాకాలి, బర్గర్ల కొట్లో యూనిఫాం వేసుకుని నిలబడుతుంది.

ఇలాంటి సార్ల ప్రేమ మీద నాకు అనుమానం లేదు. ఆ అమ్మాయి గురించి నిర్ణయాలు ఆమెకు తెలియకుండా ఎందుకు జరుగుతాయి? మీరు చూసినవాటిలో అడిగి చేసే సార్ ఎవరైనా ఉన్నాడా?

టవర్‌సర్కిల్, కరీంనగర్

అక్కా, జైల్స్‌ని మరీ అంత అనకండి. డబ్బుకి కటకటలాడుతుంటే చెక్కు రాసిచ్చింది ఆయనే కదా. తను ఉంటే బఫీ సొంతంగా నిలబడదని ఇంగ్లండ్ వెళ్లిపోయాడు కూడా.

పద్మాక్షిగుట్ట

తమ్ముడూ, వద్దని ఆ పిల్ల బతిమాలుతుంటే వెళ్లాడు. అదీ ఆయన నిర్ణయమే.

కాజీపేట జంక్షన్

'మ్యాడ్ మెన్' సీరియల్ చూడండి. యాడ్ కంపెనీలో డాన్ దగ్గర సెక్రటరీగా చేరిన పెగ్గీని ఆయనే యాడ్స్ రాసే పనిలో పెడతాడు. నాలుగో సీజన్‌లో, తన ఆలోచనతో మొదలైన యాడ్‌కి అవార్డు ఆయన తీసుకున్నాడు, కనీసం థాంక్స్ చెప్పలేదని ఆమె ఏడుస్తుంది. "డబ్బులిచ్చేది అందుకే!" అని అరుస్తాడు. ఐదో సీజన్‌లో వేరే కంపెనీకి పోతున్నానంటే, జీతం పెంచమని బేరం అనుకుంటాడు. కానీ పెగ్గీ వెళ్లగలిగింది. బఫీ రాజీనామా ఎవరికి ఇస్తుంది?

ఎన్జీవోస్ కాలనీ, హన్మకొండ

నేను ఇక్కడే ఒక లోకల్ చానెల్‌లో వార్తలు చదివేదాన్ని. ఒత్తులు పలకడం, కాగితం వంక చూడకుండా చదవడం అన్నీ మా సీనియర్ సార్ నేర్పినవే. ఆ రుణం ఎప్పటికీ ఉంటుంది. మేడారం జాతర లైవ్‌కి నన్ను పంపుదామని పైవాళ్లు అనుకుంటే, అంత జనంలో ఆడపిల్లకు ఇబ్బంది అవుతుందని ఆయనే వద్దన్నాడట. నన్ను ఒక్కమాట అడగలేదు. కెమెరామన్ చెప్తే తెలిసింది.

చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెస్తుంటే మైక్ పట్టుకుని నిలబడింది నా వెనక చేరిన అబ్బాయి. అతను చదివిన ప్రతి వాక్యం నేను రాసిందే, నేను స్టూడియోలో కూర్చుని విన్నాను. జాతర రెండేళ్లకోసారి. మళ్లీ వచ్చేసరికి నేను ఆ ఉద్యోగంలో లేను.

మా సార్ చెడ్డవాడైతే గట్టిగా కొట్లాడేదాన్నే. మంచివాడు కాబట్టి నోరు రాలేదు.

పద్మాక్షిగుట్ట

మీ పోస్టు మా అమ్మాయికి చదివి వినిపించాను. ఈసారి "పాపం సార్" అనలేదు. ఆ రోజు ఆయన మిమ్మల్ని అడిగి ఉంటే ఏమనేవారో కనుక్కోమంది.

ఎన్జీవోస్ కాలనీ

పోతాననే చెప్పేదాన్ని, చెల్లీ. ఆ రోజు మా అమ్మ బంగారం (బెల్లం) మొక్కు చెల్లించడానికి అదే జనంలో ఉంది, ఒక్కతే.