ఓఆర్ఎస్‌లో గ్లూకోజ్ ఎందుకు? షుగర్ ఉన్నవాళ్ళకి ఇవ్వొచ్చా?

కొళత్తూర్ కోడలు

అందరికీ నమస్కారం అండి. చెన్నైలో ఉంటాం. మా మావయ్య గారికి నిన్నటి నుంచి మోషన్స్, ఒకసారి వాంతి కూడా అయింది, వయసు 67, షుగర్ ఉంది, టాబ్లెట్లే, ఇన్సులిన్ లేదు. డాక్టర్‌కి చూపిస్తే ఓఆర్ఎస్ తాగించండి అన్నారు, తెచ్చాం. ప్యాకెట్ వెనకాల గ్లూకోజ్ 13.5 గ్రాములు అని చదివారు, ఇంక అంతే, ముట్టుకోనంటున్నారు. "పదేళ్ళ నుంచి నా కాఫీలో చక్కెర మాన్పించి ఇప్పుడు గ్లూకోజ్ నీళ్ళు పోస్తావా తల్లీ" అని. ఉప్పేసి మజ్జిగ ఇవ్వు చాలంటారు.

మా అమ్మాయి ప్లస్ వన్ బయాలజీ. అదేమో యాక్టివ్ ట్రాన్స్‌పోర్ట్‌కి, అంటే శక్తి ఖర్చుపెట్టి కణం పొర దాటించడానికి, ఏటీపీ (కణాలకి శక్తినిచ్చే పదార్థం) కావాలి, ఏటీపీ గ్లూకోజ్ నుంచి వస్తుంది, అందుకే వేస్తారు అని తాతయ్యకి క్లాస్ పీకింది. నాకు నమ్మబుద్ధి కావట్లేదు, రక్తంలో ఉన్న షుగరే ఎక్కువైన మనిషికి ఏటీపీ కోసం బయట నుంచి ఇంకా పొయ్యాలా? ఉప్పు, నీళ్ళు పోతున్నాయి కాబట్టి ఉప్పు, నీళ్ళు ఇస్తే చాలదా? కాస్త అర్థమయ్యేలా చెప్పండి, ఆయన్ని ఒప్పించాలి.

నైట్ డ్యూటీ నర్సు

అక్కా ముందు తాగించండి, సైన్స్ తర్వాత. 13.5 గ్రాములు అనేది లీటరు నీళ్ళకి. 200 ఎంఎల్ గ్లాసుకి లెక్కేస్తే 2.7 గ్రాములు, చిన్న చెంచా చక్కెర కూడా కాదు. అదే గ్లాసుడు కూల్‌డ్రింక్‌లో 20 గ్రాములకి పైనే ఉంటుంది. షుగర్ పేషెంట్లకి కూడా ఇస్తాం, కాకపోతే గ్లూకోమీటర్‌తో మధ్యమధ్యలో చూసుకోండి. ఒంట్లో నీళ్ళు తగ్గిపోతే షుగర్ ఇంకా పైకి పోతుంది, ఆయనకి ఇది చెప్పండి.

కలిపేటప్పుడు జాగ్రత్త. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి, చాలామంది గ్లాసు నీళ్ళలో కొంచెం పొడి వేసి మిగతాది రబ్బరు బ్యాండ్ పెట్టి దాస్తారు, అలా చెయ్యొద్దు, చిన్న ప్యాకెట్లయితే 200 ఎంఎల్‌కి అని దాని మీదే రాసి ఉంటుంది. క్యాన్ వాటర్ అయినా కాచి చల్లార్చి కలపండి. 24 గంటలు దాటితే పారబొయ్యాలి. వాంతి వస్తుంటే చెంచాతో, గడగడా వద్దు. యూరిన్ బాగా తగ్గినా, మత్తుగా ఉన్నా, మోషన్‌లో రక్తం పడినా ఇంట్లో కూర్చోకండి. కిడ్నీ ప్రాబ్లం కూడా ఉంటే ఇందులో పొటాషియం ఉంది కాబట్టి డాక్టర్‌ని అడిగే ఇవ్వాలి.

ఇంకోటి, టెట్రా ప్యాక్‌లో తియ్యగా ఉండే డ్రింకులు కొని ఇదే ఓఆర్ఎస్ అనుకోవద్దు. వాటి మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) 2025 అక్టోబర్‌లో ఆర్డర్ ఇచ్చింది, మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని గారు ఏళ్ళ తరబడి కొట్లాడితే వచ్చింది అది.

ప్లాస్మా పంతులు

నర్సు గారు చెప్పాల్సింది చెప్పేశారు, నేను ఎందుకు అన్నదానికి వస్తా, కొంచెం పెద్దదవుతుంది, ఫిజియాలజీ చెప్పేవాడిని కదా, ఓపిక పట్టండి.

మీ అనుమానం కరెక్టే. ఏటీపీ ఖర్చవుతుంది గానీ, గ్లూకోజ్ వేసేది ఆ ఏటీపీ తయారు కావడానికి కాదు. అది ఒక్క చుక్క కాలకపోయినా ఓఆర్ఎస్ పని చేస్తుంది.

చిన్నపేగు లోపలి గోడ మీద ఒక్క వరస కణాలు ఉంటాయి. ప్రతి కణానికి చుట్టూ కొవ్వు పొర, 10 నానోమీటర్లు కూడా ఉండదు మందం, కానీ సోడియం లాంటి చార్జ్ ఉన్నవి దాన్ని దాటలేవు, గ్లూకోజ్ కూడా దాని సైజుకి, నీళ్ళని ఇష్టపడే గుణానికి నేరుగా దాటలేదు. ప్రోటీన్లు దారి ఇస్తేనే లోపలికి. ఈ కణానికి రెండు వైపులు, ఒకటి మనం తిన్నది ఉండే వైపు, రెండోది రక్తం వైపు. రెండు వైపులా వేరే వేరే ప్రోటీన్లు ఉండటంలోనే కిటుకంతా ఉంది.

రక్తం వైపు సోడియం పొటాషియం పంపు ఉంటుంది. ఒక ఏటీపీ ఖర్చుపెట్టి 3 సోడియంలని బయటికి తోసి 2 పొటాషియంలని లోపలికి తెస్తుంది, రాత్రీ పగలూ ఇదే పని. దీనివల్ల కణం లోపల సోడియం 10, 15 మిల్లీమోల్స్ దగ్గర ఉండిపోతుంది, బయట 140 చుట్టూ. పైగా లోపల నెగటివ్ చార్జ్. అంటే సోడియంకి ఎప్పుడెప్పుడు లోపలికి దూరదామా అని ఉంటుంది. మనం ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్ళు వాడే ఏటీపీలో దాదాపు ఐదో వంతు ఈ పంపుకే పోతుందని లెక్క, మెదడులో అయితే ఇంకా ఎక్కువ. దీన్ని 1957లో యెన్స్ స్కౌ అనే డేనిష్ ఆయన పీత కాళ్ళ నరాల్లో పట్టుకున్నాడు, పీత కాళ్ళేంటి అనకండి, ఆయనకి దొరికినవి అవి.

ఇంక తిన్నది ఉండే వైపు ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రోటీన్. ఇది మన షేర్ ఆటో టైపు, సీట్లు నిండాలి, 2 సోడియంలు 1 గ్లూకోజ్ ఎక్కితే గానీ బండి కదలదు. సోడియం లోపలికి దిగే ఊపుతోనే గ్లూకోజ్ కూడా వచ్చేస్తుంది, లోపల గ్లూకోజ్ ఎక్కువున్నా సరే. ఇక్కడ ఏటీపీ ఒక్కటి కూడా ఖర్చు కాలేదు చూడండి, అది రక్తం వైపు పంపు దగ్గర ముందే ఖర్చయిపోయింది. అందుకే దీన్ని సెకండరీ యాక్టివ్ ట్రాన్స్‌పోర్ట్ అంటారు, మీ అమ్మాయి పుస్తకంలో ఆ మాట కోసం వెతకమనండి. లోపలికొచ్చిన గ్లూకోజ్ జీఎల్‌యూటీ2 అనే వేరే దారిలో ఖర్చు లేకుండా రక్తంలోకి జారిపోతుంది, సోడియంని పంపు తోసేస్తుంది. ఈ రెండూ పోయిన వైపు నీళ్ళు వెంట పోతాయి, ఆస్మాసిస్. నీళ్ళని పంపు చేసే ప్రోటీన్ అంటూ మన ఒంట్లో లేదు, ఎప్పుడూ ఉప్పునో చక్కెరనో పంపి దాని వెనక నీళ్ళు వచ్చేలా చెయ్యాల్సిందే.

ఊబెయిన్ అనే విషంతో ఆ పంపుని ఆపేస్తే కాసేపటికి ఇవతలి వైపు గ్లూకోజ్ తీసుకోవడం కూడా ఆగిపోతుంది. రెండూ ఎలా ముడిపడి ఉన్నాయో దీన్నిబట్టే తెలుస్తుంది. సోడియం, గ్లూకోజ్ కలిసి ప్రయాణిస్తాయి అని మొదట చెప్పింది రాబర్ట్ క్రేన్, 1960లో ప్రాగ్‌లో ఒక మీటింగ్‌లో.

ఇప్పుడు మీ ఉప్పు నీళ్ళ ప్రశ్న. మామూలు రోజుల్లో సోడియంకి పేగులో వేరే దారులు కూడా ఉన్నాయి. కలరా లాంటి దాంట్లో టాక్సిన్ (క్రిమి వదిలే విషం) కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేతాలు మోసే పదార్థాన్ని విపరీతంగా పెంచేస్తుంది, దాంతో క్లోరైడ్ చానెళ్ళు తెరుచుకుని నీళ్ళు బయటికి కారిపోతాయి, ఆ మామూలు సోడియం దారి కూడా మూతపడుతుంది. ఎస్‌జీఎల్‌టీ1 మాత్రం చెక్కుచెదరదు. అందుకే అంత జబ్బులో కూడా గ్లూకోజ్ కలిపితే సోడియం లోపలికి పోతుంది, వట్టి ఉప్పు నీళ్ళయితే చాలా వరకు వెనక్కే. ఆ టాక్సిన్ సంగతి 1959లో బయటపెట్టింది కలకత్తాలో శంభునాథ్ డే.

వడపళని వంశీ

సార్ మరి గ్లూకోజ్ అంత మంచిదైతే ఎక్కువ వేస్తే ఇంకా బాగా పనిచెయ్యాలి కదా? మా ఇంట్లో గ్లూకోజ్ పౌడర్ డబ్బా ఉంటుంది, పిల్లాడికి మోషన్స్ అయితే అదే నాలుగు చెంచాలు గ్లాసులో కలిపి ఇస్తాం.

ప్లాస్మా పంతులు

అలా ఇవ్వొద్దు వంశీ గారు. ట్రాన్స్‌పోర్టర్లు లాగగలిగినంత లాగుతాయి, మిగిలిన గ్లూకోజ్ పేగులోనే ఉండి రక్తం నుంచే నీళ్ళని పేగులోకి లాగుతుంది, మోషన్స్ ఇంకా పెరుగుతాయి. కూల్‌డ్రింకులతో వచ్చే గొడవ కూడా ఇదే, చక్కెర బోలెడు, సోడియం దాదాపు లేదు. కొలత ముఖ్యం. 2002 ముందు ఫార్ములాలో గ్లూకోజ్ 111, సోడియం 90 మిల్లీమోల్స్ ఉండేవి, మొత్తం ఆస్మొలారిటీ, అంటే కరిగి ఉన్నవన్నీ కలిపిన చిక్కదనం, 311. డబ్ల్యూహెచ్‌ఓ దాన్ని తగ్గించి గ్లూకోజ్ 75, సోడియం 75, మొత్తం 245 చేసింది, పలచన చేశాక పిల్లల్లో మోషన్స్, వాంతులు తగ్గాయి, సెలైన్ ఎక్కించాల్సిన అవసరమూ తగ్గింది. సోడియం, గ్లూకోజ్ సమానంగా పెట్టడం ఊరికే కాదు.

గంజి అభిమాని

మజ్జిగని అంత తీసిపారెయ్యకండి సార్. మా నాయనమ్మ ఎప్పుడూ ఉప్పేసిన గంజే ఇచ్చేది, మేమందరం బతికే ఉన్నాం.

ప్లాస్మా పంతులు

నేనెక్కడ తీసిపారేశానండీ, గంజికి నేనూ అభిమానినే. బియ్యంలో పిండిపదార్థం పేగులో కొంచెం కొంచెంగా తెగి గ్లూకోజ్ అవుతుంది, అందుకని గ్లూకోజ్ సరిపడా వస్తుంది, ఆస్మొలారిటీ మాత్రం ఒక్కసారిగా పెరగదు. కలరాలో బియ్యంతో చేసిన ఓఆర్ఎస్ మీద పరీక్షలు జరిగాయి, బాగా పనిచేసింది. ఉప్పు మజ్జిగ కూడా మామూలు మోషన్స్‌లో ఓకే, కానీ అందులో ఉప్పు ఎంత పడిందో ఎవరికీ తెలీదు, చెయ్యి వాటం బట్టి. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, దాని మీదే ఆధారపడకూడదు. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్ళకి 6 చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి, అంటే పైన కుప్ప లేకుండా.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం అప్పుడు బెంగాల్‌లో బన్‌గావ్ శరణార్థుల క్యాంపులో కలరా వచ్చి సెలైన్ అయిపోతే దిలీప్ మహలనబిస్ గారు ఇలాగే ఉప్పు, సోడా ఉప్పు, గ్లూకోజ్ కలిపి డ్రమ్ముల్లో పెట్టి, పేషెంట్ల వాళ్ళ చేతే తాగించారు. దాదాపు 30 శాతం ఉన్న చావులు 3.6 శాతానికి దిగాయి. పంపు, షేర్ ఆటో అన్నీ కలిపి చేసిన పని అది.

కొళత్తూర్ కోడలు

చాలా థాంక్స్ అండి అందరికీ. 2.7 గ్రాముల లెక్క కాగితం మీద రాసి చూపిస్తే ఒక గ్లాసు తాగారు, ఉప్పగా ఉంది చండాలంగా ఉంది అంటూనే. ఇంకో డౌట్. ఆయన టాబ్లెట్లలో ఒకటి డాపాగ్లిఫ్లోజిన్. దాని లీఫ్‌లెట్‌లో ఎస్‌జీఎల్‌టీ2 ఇన్హిబిటర్ అని ఉంది, పంతులు గారు చెప్పింది ఎస్‌జీఎల్‌టీ1. ఈ టాబ్లెట్ వేసుకుంటే ఓఆర్ఎస్ పనిచెయ్యదా అయితే?

ప్లాస్మా పంతులు

లీఫ్‌లెట్ చదివే మనిషి దొరకడం మీ మావయ్య గారి అదృష్టం. రెండూ ఒకే కుటుంబం, వేరే ఊళ్ళు. 1 ముఖ్యంగా పేగులో, 2 కిడ్నీలో. కిడ్నీ రోజుకి దాదాపు 180 గ్రాముల గ్లూకోజ్‌ని వడగట్టి మళ్ళీ అంతా రక్తంలోకి లాక్కుంటుంది, అందులో 90 శాతం ఎస్‌జీఎల్‌టీ2 పనే. టాబ్లెట్ దాన్ని ఆపితే గ్లూకోజ్ యూరిన్‌లో పోతుంది, షుగర్ దిగుతుంది. పేగులో ఎస్‌జీఎల్‌టీ1ని డాపాగ్లిఫ్లోజిన్ పెద్దగా ముట్టుకోదు, ఓఆర్ఎస్‌కి ఢోకా లేదు. ఈ మందుల మూలం ఆపిల్ చెట్టు బెరడులో 1835లో దొరికిన ఫ్లోరిజిన్ అనే పదార్థం, అది రెండిటినీ ఆపేస్తుంది, అందుకే దాన్నే మందుగా వాడలేదు.

కానీ అసలు విషయం వేరే ఉంది. గ్లూకోజ్ యూరిన్‌లో పోతే దానితో నీళ్ళూ సోడియమూ పోతాయి. ఇటు మోషన్స్, అటు ఇది. తిండి తగ్గిన రోజుల్లో కీటోన్లు (కొవ్వు కరిగితే వచ్చే ఆమ్లాలు) పెరిగే ప్రమాదం కూడా ఉంది, మీటర్‌లో షుగర్ మరీ ఎక్కువ చూపించకుండానే. అందుకే వాంతులు, మోషన్స్ ఉన్న రోజుల్లో దీన్ని ఆపమంటారు డాక్టర్లు సాధారణంగా. మీరే ఆపకండి, ఇప్పుడే డాక్టర్‌కి ఫోన్ చేసి ఈ టాబ్లెట్ పేరు చెప్పి అడగండి.

నైట్ డ్యూటీ నర్సు

+1. ఇది నేను అడగాల్సిన ప్రశ్న. మెట్‌ఫార్మిన్ కూడా వాడుతుంటే దాని గురించి కూడా అడగండి అక్కా, బీపీకి వాటర్ టాబ్లెట్ (యూరిన్ ఎక్కువ పోయేలా చేసేది) ఏమైనా ఉంటే అదీ.

ప్లస్ వన్ ప్రాణి

నేను ఆ అమ్మాయినే, అమ్మ లాగిన్ కాదు నా సొంతం 🙂 సార్ ఒక గ్లూకోజ్‌కి ఎన్ని ఏటీపీలు? ఎన్‌సీఈఆర్‌టీలో 38, కోచింగ్ సార్ 32 అన్నారు, ఇంకొకరు 30. ఏది రాయాలి?

ప్లాస్మా పంతులు

పరీక్షలో మీ పుస్తకంలో ఏముంటే అదే రాయి తల్లీ, 38. నిజానికి 30 నుంచి 32. తేడా ఎక్కడొచ్చిందంటే అది కూడా మెంబ్రేన్ ట్రాన్స్‌పోర్ట్ వల్లే. కణంలో శక్తి తయారయ్యే మైటోకాండ్రియా లోపలి పొర అవతలికి ప్రోటాన్లని తోసి, అవి తిరిగి ఏటీపీ సింథేజ్ గుండా దిగేటప్పుడు ఏటీపీ తయారవుతుంది, పీటర్ మిచెల్ 1961లో చెబితే చాలామంది నమ్మలేదు, 1978లో నోబెల్ ఇచ్చారు. తయారైన ఏటీపీ లోపలే ఉంటే లాభం లేదు, బయటికి రావాలి, దాని బదులు ఏడీపీ, ఫాస్ఫేట్ లోపలికి పోవాలి. ఈ రవాణాకి కూడా ప్రోటాన్ల ఊపే ఖర్చవుతుంది. పాత లెక్కలో ఈ ఖర్చు కలపలేదు, ఒక ఎన్ఏడీహెచ్‌కి (గ్లూకోజ్ నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లని మోసే అణువు) 3 ఏటీపీలు అని రౌండ్‌గా వేశారు, ఇప్పుడు 2.5 అంటున్నాం. 30కీ 32కీ తేడా ఏంటంటే సైటోప్లాజంలో వచ్చిన ఎన్ఏడీహెచ్ ఎలక్ట్రాన్లు ఏ షటిల్‌లో లోపలికి వెళ్ళాయన్నది.

తాతయ్యకి ఇంకోటి చెప్పు. ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి కండరాల్లోంచి వేరు చేసింది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు, అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా కనుక్కున్నాడు. సుబ్బారావు గారు చదివింది మీ ఊళ్ళోనే, సెంట్రల్ స్టేషన్ ఎదుట మద్రాస్ మెడికల్ కాలేజీలో. ఖద్దరు వేసుకున్నాడని సర్జరీ ప్రొఫెసర్‌కి కోపం వచ్చి ఎంబీబీఎస్ రాకుండా ఎల్ఎంఎస్ అనే దానికంటే చిన్న పట్టాతో సరిపెట్టారు.

ప్లస్ వన్ ప్రాణి

అది చెప్తే ఇంకో గ్లాసు తాగుతారు సార్, తాతయ్యది భీమవరం పక్కనే. లాస్ట్ డౌట్, గ్లూకోజ్ బదులు ఫ్రక్టోజ్ వేస్తే?

ప్లాస్మా పంతులు

పనిచెయ్యదు. ఫ్రక్టోజ్‌కి జీఎల్‌యూటీ5 అని వేరే దారి, దానికి సోడియంతో పని లేదు. గాలక్టోజ్ అయితే ఎస్‌జీఎల్‌టీ1 ఎక్కించుకుంటుంది. ఇంట్లో చక్కెర ఎలా పనిచేస్తుందంటావా, పేగులో అది విరిగి సగం గ్లూకోజ్ సగం ఫ్రక్టోజ్ అవుతుంది, పని చేసేది ఆ మొదటి సగమే. పుట్టుకతోనే ఎస్‌జీఎల్‌టీ1 పాడైన పిల్లలు అరుదుగా ఉంటారు, తల్లిపాలు తాగినా మోషన్సే, పాలలో చక్కెర విరిగితే వచ్చేది గ్లూకోజ్, గాలక్టోజ్ కదా, రెండూ పట్టవు. వాళ్ళకి ఫ్రక్టోజ్ ఉన్న పాలపొడి ఇస్తారు. ఆ పిల్లలకి ఓఆర్ఎస్ ఇస్తే ఇంకా పెరుగుతుంది.

కొళత్తూర్ కోడలు

డాక్టర్‌తో మాట్లాడాను, ఆ టాబ్లెట్ ఆపమన్నారు, తినడం మామూలయ్యాక మళ్ళీ మొదలుపెట్టమన్నారు. మెట్‌ఫార్మిన్ సంగతి రేపు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూశాక చెప్తామన్నారు. షుగర్ ఇప్పుడు 168.