చిన్నపిల్లలకి వాట్సాప్‌లో చదువు ఉండాలా వద్దా?

విజయనగరం అమ్మ:
మొన్న వానలకి బడికి సెలవిస్తే మా పాప యూకేజీ గ్రూపులో పొద్దున్నే వర్క్‌షీట్లు పెట్టారండి, సాయంత్రానికల్లా రాయించి ఫొటో పెట్టాలంట. దానికి పెన్సిల్ పట్టుకోడమే ఇంకా కుదర్లేదు, నేను చెయ్యి పట్టుకుని 'ఖ' దిద్దిస్తుంటే అది ఫోన్లో బొమ్మల వీడియో కావాలని ఏడుపు, చివరికి సగం నేనే రాసి ఫొటో పెట్టేశాను. టీచర్ గారు వెరీ గుడ్ అని స్టార్ పెట్టారు, అది చూసి చాలా బాధేసింది. 2020లో ఆన్‌లైన్ చదువు గురించి కేంద్రం ఇచ్చిన ప్రజ్ఞాత గైడ్‌లైన్స్‌లో కూడా ఈ వయసుకి అరగంట మించొద్దనే ఉంది, అదీ తల్లిదండ్రులతో మాట్లాడ్డానికే. నన్నడిగితే ఒకటో తరగతి లోపు పూర్తిగా ఆపేయాలి.

సోంపేట నాన్న:
మీ బాధ నిజమేనమ్మా, కానీ పూర్తిగా ఆపేయమంటే ఒప్పుకోను. 2020 మార్చిలో బళ్ళు మూస్తే ఒకటి నుంచి ఐదు వరకు మళ్ళీ తెరిచింది 2021 ఫిబ్రవరి 1న. మా వాడు అప్పుడు ఒకటో తరగతి. దూరదర్శన్ సప్తగిరి ఛానల్లో పాఠాలొచ్చేవి గానీ వాడు టీవీ ముందు కుదురుగా కూర్చుంటేగా. వాళ్ళ టీచరమ్మ మాత్రం రోజూ రెండు నిమిషాల కథ తన గొంతుతో వాయిస్ పెట్టేది, మధ్యలో కోడికూతా కుక్క అరుపూ తనే చేసేది, మావాడు మంచం మీద బోర్లా పడుకుని అదే పదిసార్లు వినేవాడు. అది కూడా లేకపోతే వాడు బడినే మర్చిపోయేవాడు.

పలాస నుంచి:
నాను జీడి ఫ్యాక్టరీలో పప్పు తీసే పనికెళ్తానండి, ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను, అది నాతోనే వస్తాది. నానొచ్చేసరికి చీకటి పడిపోద్ది, గుంట నిద్రకి తూలిపోతుంటాది, అప్పుడేటి రాయిస్తాను? గ్రూపులో అందరి పిల్లల ఫొటోలూ ఉంటాయి మాదొక్కటీ ఉండదు. 2018లో తిత్లీ తుపానప్పుడైతే రోజులకి రోజులు కరెంటే లేదు, ఫోన్లన్నీ చచ్చిపోయాయి. తుపాను సెలవులకి ఫోన్లో చదువంటే మా వేపు ఎలాగవుద్ది?

విజయనగరం అమ్మ:
అక్కా, మీది చదివాక ఇంకా గట్టిగా అనిపిస్తోంది, ఫొటోలు అడగడం మానేయాలి, అదీ అందరూ చూసే గ్రూపులో అస్సలొద్దు. వాయిస్ కథల మాట వేరే, రాత్రయినా మీ ఒళ్ళో పడుకుని వింటుంది, ఎవరికీ ఏమీ తిరిగి పంపక్కర్లేదు. శనివారం మీటింగులో మా టీచర్ గారికి ఇదే చెప్తాను. సోంపేట అన్నయ్యా, ఆ కథలు మీ ఫోన్లో ఇంకా ఉంటే ఒకటి పెట్టరా, వినిపిస్తాను.