బాఖ్ కాంటాటాలను ఒక్కసారికి ఎంతమంది పాడేవారు? తెలిసినవారు వివరించగలరా?

నమస్కారం. జర్మన్ స్వరకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1723 నుంచి 1750లో మరణించేవరకు జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో చేసిన ఉద్యోగం గురించి, చర్చి గాయక బృందాలను నడిపే తెలుగువారి కోసం ఒక వ్యాసం రాస్తున్నాను. అంతకుముందు ఆర్న్‌ష్టాట్, మ్యూల్‌హౌజెన్ చర్చిలలో ఆర్గన్ వాయించిన ఆయనకు లైప్‌జిగ్‌లో ప్రధాన బాధ్యత సెయింట్ థామస్ పాఠశాల పిల్లలకు పాట నేర్పి, నగరంలోని చర్చిలలో పాడించడం. తొలి సంవత్సరాల్లో దాదాపు వారానికొక కొత్త కాంటాటా (గాయకులు, వాద్యాలు కలిసి ఆరాధనలో వినిపించే, పలు భాగాల సంగీత రచన) సిద్ధం చేయడం తలచుకుంటేనే అబ్బురంగా ఉంటుంది.

1730 ఆగస్టులో నగర పాలక మండలికి ఇచ్చిన వినతిపత్రంలో ఆయన తన విద్యార్థులలో 17 మంది పనికొచ్చేవారనీ, 20 మంది ఇంకా తయారుకావలసినవారనీ, 17 మంది పనికిరానివారనీ నిర్మొహమాటంగా లెక్కగట్టాడు. ఒక్కో బృందానికి కనీసం 12 మంది, వీలైతే 16 మంది కావాలనీ, అలా ఉంటే ఎవరికైనా జబ్బుచేసినా రెండు బృందాలు కలిసి పాడే మోటెట్ (చర్చిలో పాడే ఒక రకం బృందగానం) ఆగిపోదనీ రాశాడు. అయితే మనకు దక్కిన రాతప్రతుల్లో చాలా కాంటాటాలకు ఒక్కో గొంతుకు (అంటే సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అనే గాత్ర భాగాల్లో ఒక్కోదానికి) ఒక్క ప్రతే కనిపిస్తుంది. దీని ఆధారంగానే అమెరికన్ సంగీత పరిశోధకుడు జాషువా రిఫ్కిన్ 1981లో గొంతుకు ఒక్క గాయకుడే పాడేవాడని వాదించారు. ఒకే ప్రతిని ఇద్దరు ముగ్గురు పంచుకొనేవారని మరికొందరు అంటారు.

ఆ వినతిపత్రాన్ని జర్మన్‌లో చదివినవారు, ఆ 12 మంది ఒకేసారి పాడేవారా, లేక వారిలోంచి అవసరమైనవారినే ఎంచుకొనేవారా అన్నది దయచేసి వివరించగలరా? పిల్లల చేత పాడించిన అనుభవం ఉన్నవారు, ముగ్గురు ఒకే కాగితం చూసి అంత కష్టమైన సంగీతాన్ని పాడగలరో లేదో చెప్పినా ఎంతో మేలు చేసినవారవుతారు.