ఇంటర్నెట్ కాల్స్‌కు మారుతున్న ఆఫీసులో ప్రతి టేబుల్ మీదా ఫోన్ అవసరమా?

ప్రశ్న – పరిపాలన విభాగం, గుంటూరు

నమస్కారం. మాది మిర్చి ఎగుమతి సంస్థ. ఆఫీసులో సుమారు నలభై మంది పనిచేస్తున్నాము. మా పాత ఈపీఏబీఎక్స్‌కు (ఆఫీసు లోపలి ఫోన్లను కలిపే ఎక్స్ఛేంజికి) విడిభాగాలు దొరకడం కష్టమైపోయింది. త్వరలో కొత్త భవనంలోకి మారుతున్నందువల్ల, సిప్ ట్రంక్ అనే ఇంటర్నెట్ ఫోన్ లైను తీసుకుని కాల్స్ అన్నీ ఇంటర్నెట్ మీదుగా నడపాలని యాజమాన్యం నిర్ణయించింది. కొటేషన్ ఇచ్చిన ఇద్దరిలో ఒకరు ప్రతి టేబుల్‌కూ ఐపీ ఫోన్ (నెట్‌వర్క్ కేబుల్‌తో పనిచేసే ఫోన్) ఉండాలని అంటున్నారు. రెండోవారు కంప్యూటర్‌లో సాఫ్ట్‌ఫోన్ (ఫోన్‌లా పనిచేసే ప్రోగ్రాం), ఒక హెడ్‌సెట్ ఉంటే చాలునని, ఫోన్లకు పెట్టే డబ్బు వృథా అని చెబుతున్నారు. ఎగుమతి విభాగంలోని పిల్లలు ఇప్పటికే హెడ్‌సెట్‌లకు అలవాటు పడ్డారు. క్యాషియర్ గారు, గోదాము బాధ్యులు మాత్రం చేతికి రిసీవర్ ఉండాలని గట్టిగా కోరుతున్నారు. దేన్ని బట్టి నిర్ణయించుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు – నెట్‌వర్క్ ఇంజినీరు, హైదరాబాద్

టేబుల్ మీది ఐపీ ఫోన్ అయినా, కంప్యూటర్‌లోని సాఫ్ట్‌ఫోన్ అయినా లోపల జరిగే పని ఒక్కటేనండి. రెండూ సిప్ పద్ధతిలోనే సర్వర్‌లో నమోదవుతాయి, రెండూ మాటను చిన్న చిన్న ప్యాకెట్లుగా విడగొట్టి పంపుతాయి. జి.711 కోడెక్‌తో (మాటను డిజిటల్‌గా మార్చే ఒక పద్ధతితో) ఒక్కో కాల్‌కు ఒక్కో దిశలో సెకనుకు సుమారు 87 కిలోబిట్లు పడుతుంది. అంటే మీ నలభై మందీ ఒకేసారి మాట్లాడినా మూడున్నర మెగాబిట్లు దాటదు. కాబట్టి ఇబ్బంది వేగం దగ్గర రాదు, ప్యాకెట్లు ఆలస్యంగానో, ఒకటి ముందూ ఒకటి వెనుకా కావడంవల్లనో, దారిలో కొన్ని పోవడంవల్లనో వస్తుంది. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సూచించింది. స్విచ్‌కు (నెట్‌వర్క్ కేబుళ్లన్నీ కలిసే పెట్టెకు) కేబుల్‌తో కలిపిన ఫోన్‌కు ఆఫీసు లోపలి దారిలో చెప్పుకోదగ్గ ఆలస్యమే ఉండదు. పది మంది పంచుకునే వై-ఫై మీది ల్యాప్‌టాప్‌కు ఆ హామీ లేదు. సాఫ్ట్‌ఫోన్ బాగాలేదని నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో చాలా భాగం విచారిస్తే వై-ఫై దగ్గరే తేలుతాయి. అందువల్ల సాఫ్ట్‌ఫోన్లనే ఎంచుకున్నా సరే, ఆ కంప్యూటర్లకు కేబుల్ వేయించండి, స్విచ్‌లోనూ రూటర్‌లోనూ మాటల ప్యాకెట్లకు ప్రాధాన్యం ఇచ్చే ఏర్పాటు చేయించండి.

ఇక కరెంటు సంగతి. ఐపీ ఫోన్ నెట్‌వర్క్ కేబుల్ నుంచే కరెంటు తీసుకోగలదు. 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ ప్రమాణం ప్రకారం స్విచ్ ఒక్కో పోర్టుకు 15.4 వాట్ల వరకు ఇస్తుంది, మామూలు ఫోన్‌కు అందులో సగం కూడా పట్టదు. ఆ స్విచ్‌ను, రూటర్‌ను, ఫైబర్ పెట్టెను యూపీఎస్ మీద పెడితే కరెంటు పోయినా ఫోన్ మోగుతుంది. కంప్యూటర్ అప్‌డేట్ కోసం ఆగి ఉన్నప్పుడు అందులోని సాఫ్ట్‌ఫోన్ మోగదు.

నా మట్టుకు నేను మనిషిని బట్టి కాక చోటును బట్టి ఫోన్ పెట్టాలంటాను. ఎవరు కూర్చున్నా కాల్ ఎత్తవలసిన చోట, అంటే రిసెప్షన్, క్యాష్ కౌంటరు, గోదాము, గేటు, సమావేశ గది వంటి చోట్ల ఫోన్ తప్పనిసరి. సొంత కంప్యూటర్ ముందు రోజంతా కూర్చునే ఉద్యోగికి సాఫ్ట్‌ఫోన్ సరిపోతుంది. కొనేటప్పుడు ఒకటి గమనించండి: కంప్యూటర్‌ను ఐపీ ఫోన్ ద్వారా కలిపే వీలు ఉంటుంది కానీ, చవక ఫోన్లలో ఆ పోర్టు 100 మెగాబిట్లకే పరిమితం. గిగాబిట్ నెట్‌వర్క్ వేయించి కూడా కంప్యూటర్లు నెమ్మదిగా పనిచేయడానికి ఇదొక కారణం.

జవాబు – ఆసుపత్రి పరిపాలకురాలు, వరంగల్

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. మా నర్సింగ్ స్టేషన్లలో సాఫ్ట్‌ఫోన్ అన్న ఆలోచనకే తావు లేదు, ఎందుకంటే అక్కడ షిఫ్టు మారినప్పుడల్లా మనుషులు మారతారు, ఒకరు లాగిన్ అయ్యేదాకా కాల్ ఆగదు. బిల్లింగ్ విభాగంలో మాత్రం ఫోన్లు తీసేసి హెడ్‌సెట్‌లు ఇచ్చాము. రెండు చేతులూ ఖాళీగా ఉండటంతో వారికి పని తేలికైంది. సిబ్బంది మొబైల్‌లో యాప్ పెట్టుకుంటే సరిపోతుందని కూడా మీకు ఎవరైనా చెప్పవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం వెనుక నడుస్తున్న యాప్‌లను ఆపేస్తాయి కాబట్టి, పుష్ సదుపాయం (కాల్ రాగానే ఆగిన యాప్‌ను మేల్కొలిపే ఏర్పాటు) లేని సాఫ్ట్‌ఫోన్ యాప్ మీద ముఖ్యమైన కాల్స్ పెట్టుకోకండి.

జవాబు – ఐటీ ఉద్యోగి, డాలస్

ఇక్కడి, అంటే అమెరికా చట్టం వల్ల తెలిసివచ్చిన సంగతి ఒకటి చెబుతాను. ఆఫీసు, హోటల్ ఫోన్ల నుంచి ముందు మరో అంకె నొక్కకుండానే నేరుగా ఇక్కడి అత్యవసర నంబరు 911కు కాల్ వెళ్లాలని కారీస్ లా నిర్దేశిస్తుంది. 2020 ఫిబ్రవరి 16 తరువాత పెట్టిన వ్యవస్థలకు ఇది వర్తిస్తుంది. కాల్ చేసినవారు భవనంలో ఏ అంతస్తులో, ఏ గదిలో ఉన్నారో కూడా తెలియాలని రే బామ్స్ చట్టం కింద వచ్చిన నిబంధనలు కోరుతున్నాయి. కదలని ఫోన్ విషయంలో ఈ వివరం ఒకసారి నమోదు చేస్తే చాలు, ల్యాప్‌టాప్ విషయంలో అది ఎక్కడికి వెళితే అక్కడి వివరం మార్చాలి. మీకు ఈ చట్టాలు వర్తించవు. అయినా 112కు నేరుగా కాల్ వెళుతుందో లేదో వ్యవస్థ అప్పగించే రోజే ఇన్‌స్టాలర్ చేత చూపించమనండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. చోటును బట్టి లెక్క వేస్తే మాకు పన్నెండు ఫోన్లు సరిపోయేలా ఉన్నాయి. ఒక సందేహం మిగిలింది: గేటు ఆఫీసు నుంచి దాదాపు రెండు వందల మీటర్ల దూరంలో ఉంది, అక్కడికి పాత టెలిఫోన్ వైరు మాత్రమే ఉంది.

జవాబు – నెట్‌వర్క్ ఇంజినీరు, హైదరాబాద్

మామూలు నెట్‌వర్క్ కేబుల్ వంద మీటర్ల వరకే పనిచేస్తుంది కనుక అక్కడికి ఐపీ ఫోన్ కోసం ప్రయత్నించవద్దు. సర్వర్ గదిలో ఏటీఏ అనే చిన్న అడాప్టర్ పెట్టి, దాని నుంచి ఆ పాత వైరు మీదుగానే మామూలు ఫోన్ నడపండి. ఈ దూరం ఆ ఫోన్‌కు సమస్య కాదు. గేటు వద్ద వేరే కరెంటు కూడా అక్కరలేదు. ఆరుబయట వెళ్లే వైరు కాబట్టి రెండు చివరలా పిడుగు రక్షణ పరికరం మాత్రం తప్పక బిగించండి, లేకపోతే తొలి వానకే అడాప్టర్ పోయే ప్రమాదం ఉంది.