బాల్ పైథాన్ డబ్బాల తెల్ల పురుగులు: ఏం జేయాలె?

హన్మకొండ పోరడు:
అందరికి నమస్తే. నా దగ్గర బాల్ పైథాన్ (విషం లేని కొండచిలువ జాతి పాము) ఉన్నది, కేంద్ర సర్కారు పరివేష్ పోర్టల్‌ల నమోదు చేయించిన. కింద కోకోపీట్‌ల (కొబ్బరి పీచు పొడి) రైస్ మిల్లు ఊక కలిపి పరిచిన. వానలు పడ్డకాంచి రెట్ట వేసిన మూలకు సన్నటి తెల్ల పురుగులు పారుతున్నయి. పాము మంచిగనే తింటున్నది. బాపు ఫినాయిల్ కొట్టమంటున్నడు. స్ప్రింగ్‌టెయిల్స్ (ఎగిరే సన్నటి మట్టి పురుగులు) వేస్తే అవే రెట్ట తినేస్తయని చదివిన. నిజమేనా?

కరీంనగర్ అన్న:
ఫినాయిల్ మాత్రం ముట్టకు తమ్మీ. పాములకు అది విషం.

జగిత్యాల అక్క:
ముందు పామును చూడు తమ్మీ, డబ్బా తర్వాత. పాము మైటు (పాము రక్తం తాగే సన్న పురుగు) రక్తం తాగినంక నల్లగ గసగసాల గింజంత ఉంటది. కండ్ల చుట్టు, దవడ కింద, పెదవి మీది గుంటలల్ల దాక్కుంటది. అవి పట్టిన పాము నీళ్ల గిన్నెల గంటలకొద్ది పడుకుంటది. తడి తెల్ల టిష్యూతోని తలకాడి నుంచి తోకదాక తుడువు. నల్ల చుక్కను నలిపితే ఎర్రగ అంటిందంటే అదే.

రెట్ట కాడనే తిరిగేటివైతే చాలామటుకు బూజు, కుళ్లు తినే మైట్లు. పామును కుట్టవు. నాకైతే ఊక మీదనే అనుమానం. అండ్ల తవుడు మిగులుతది, తడి తగిలితే ఇవి తెగ పెరుగుతయి. మొత్తం తీసెయ్.

స్ప్రింగ్‌టెయిల్స్ నాకు చాన ఇష్టం, కని వాటి పని బూజు మట్టుకే. ఎలుకను మింగిన పాము వేసే రెట్ట వాటితోని కాదు. రెట్ట, దానెంట పడే తెల్లటి ముద్ద (అది యూరిక్ ఆమ్లం, పాము మూత్రమన్నట్టు) రెండిటిని చుట్టు ఉన్న కోకోపీట్‌తో సహా ఆ రోజే ఎత్తెయ్యాలె.

హన్మకొండ పోరడు:
అక్కా, తుడిస్తే దవడ కింద నుంచి రెండు నల్లటివి వచ్చినయి. ఎర్రగనే అంటింది.

జగిత్యాల అక్క:
అయితే రెండు రకాలూ ఉన్నయి. ఇయ్యాల్నే అంతా ఖాళీ చేసి ఉత్త న్యూస్‌పేపర్ పరువు. డబ్బా మూలలు, మూత అంచులు మరిగిన నీళ్లతోని కడిగి ఆరబెట్టు. ఆడ మైటు గుడ్లు పాము మీద పెట్టదు, గిసొంటి సందులల్లనే పెడ్తది. గుడ్డు నుంచి పెద్దదయ్యేటందుకు రెండు మూడు వారాలే. అందుకే ఒక్కసారి కడిగితే తెగదు, నెల దాటేదాక కడుగుతనే ఉండాలె. చెక్క ముక్కలుంటే పారెయ్.

కుక్కలకు కొట్టే గోమార్ల మందు సొంతంగ వాడకు. మామునూరు వెటర్నరీ కాలేజీల అడిగి, పాము బరువు చెప్పి మందు రాయించుకో. ఇంట్ల తాబేలు ఉంటే అది కూడ చెప్పు, ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు తాబేళ్ల పానం తీస్తది.