ఎండకు మిస్సింగ్ కొట్టే అంబాసిడర్: సీబీ పాయింట్లు ఉంచాలా, ఎలక్ట్రానిక్ కిట్ వేయాలా?

పెన్నాగట్టు (ప్రొద్దుటూరు):
1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్, లూకాస్ డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు స్పార్క్ పంచేది). బాగా వేడెక్కాక మిస్సింగ్. బండి కడప–రాయచోటి మధ్య తిరిగేది, గువ్వలచెరువు ఘాట్ తప్పదు. పాయింట్లు (సీబీ, అంటే కాయిల్ కరెంటును తెంచి కలిపే కాంటాక్ట్ బ్రేకర్) పీకేసి ఎలక్ట్రానిక్ కిట్ వేయించడం మేలా?

గుత్తికోట (అనంతపురం):
వద్దన్నా. వేడికి మిస్సింగ్ అంటే ముందు కండెన్సర్‌ను (పాయింట్ల మీద మెరుపును అణిచేదాన్ని) అనుమానించాల. ఇప్పుడు అంగట్లో దొరికే కండెన్సర్లు చానా మటుకు నాసిరకం. చల్లగా ఉన్నంతసేపు బాగుంటాయి, వేడెక్కితే లోపల లీకవుతాయి. మిస్సింగ్ కొట్టేటప్పుడే బండి ఆపి, క్యాప్ తీసి, పాయింట్లు మూసుకునేట్టు ఇంజన్ తిప్పి, ఇగ్నిషన్ ఆన్ చేసి స్క్రూడ్రైవర్‌తో వాటిని విడదీసి చూడు. సన్నటి నీలం మెరుపు మామూలే. పసుపు మంట లావుగా వస్తే కండెన్సర్ పోయినట్టే. 0.2 మైక్రోఫారడ్ దరిదాపుల్లో ఉండేది వెయ్యి. పాయింట్ల హీలు (క్యామ్‌కు ఆనే ముక్క) క్యామ్ కొన మీద ఉన్నప్పుడు గ్యాప్ 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) పెట్టు, ఆ తర్వాతే టైమింగ్ (స్పార్క్ పడే వేళ) చూడు.

తుంగభద్ర (కర్నూలు):
15 థౌ పెడతారు సరే, ఎన్నాళ్లుంటుంది? క్యామ్‌కు గ్రీజు రాయకపోతే హీలు అరుగుతుంది, గ్యాప్ తగ్గుతుంది, పాయింట్లు ఆలస్యంగా విడిపోతాయి. టైమింగ్ వెనక్కి పడిన బండి ఘాట్‌లో ఇంకా వేడెక్కదా? కిట్‌లో అరిగే హీలే లేదు: షాఫ్ట్‌కు మాగ్నెట్ రింగు, పక్కన దాన్ని పసిగట్టే హాల్ సెన్సర్, అంతే. కాకపోతే కాయిల్ ప్రైమరీ 3 ఓమ్‌ల కంటే తక్కువ ఉండకూడదు. ఇగ్నిషన్ స్విచ్ నుంచి పూర్తి 12 వోల్టులు నేరుగా రావాలి. రాగి ప్లగ్ వైర్లు తీసేసి కార్బన్‌వి వేయాలి, లేకుంటే సెన్సర్ తికమకపడుతుంది. కొన్ని పాత బండ్లకు ప్లస్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ బాడీకి కలిపి) ఉంటుంది. అది చూసుకోకుండా కలిపితే కిట్‌లోని మాడ్యూల్ అక్కడికక్కడే మాడిపోతుంది.

గుత్తికోట:
కిట్లు అట్లా మాడేది ఒకందుకే కాదు. ఇంజన్ ఆపి ఇగ్నిషన్ ఆన్‌లో మరిచిపోతే చాలు, చౌకరకం మాడ్యూల్ గతి అంతే. పాయింట్లు పోయే ముందు దగ్గుతాయి, మాడ్యూల్ చెప్పా పెట్టకుండా పోతాది. ఘాట్ మధ్యలో నిలబడితే ఏం చేయాల? ఇంకోటి. ఈ ఇంజన్ గరిష్ఠ శక్తి వచ్చేదే 4200 ఆర్‌పీఎమ్ దగ్గర. అంటే సెకనుకు 140 స్పార్కులు. అంతమాత్రానికి పాయింట్లు చాలవా?

తుంగభద్ర:
పాత ప్లేటును పాయింట్లు, కండెన్సర్ బిగించి ఉన్నట్టే డిక్కీలో ఉంచుకుంటే సరి. అవి తిరిగి వేశాక టైమింగ్‌కు చిన్న 12 వోల్ట్ బల్బు చాలు: ఒక వైరు కాయిల్ మైనస్‌కు, ఇంకోటి ఎర్త్‌కు. పాయింట్లు విడిపోగానే వెలుగుతుంది.

హంద్రీనది (కర్నూలు):
ఇద్దరూ డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ సంగతి వదిలేశారు. రోటార్ తీసి షాఫ్ట్ పట్టుకుని పక్కలకు ఊపండి. ఆట తగిలితే క్యామ్ నాలుగు లోబ్‌ల (కొనల) దగ్గరా ఫీలర్ గేజ్ (సందు కొలిచే రేకు) పెట్టండి. ఒకచోట 12 థౌ, ఇంకోచోట 18 చూపిస్తే బుష్ (షాఫ్ట్ తిరిగే గొట్టం) అరిగిందని అర్థం. అలాంటి షాఫ్ట్ మీద పాయింట్లు ఎవరు సెట్ చేసినా నిలవవు. చాలామంది కిట్ వేశాక బండి మెరుగైందని మురిసిపోయేది ఇందుకే. హాల్ సెన్సర్ ఆ ఆటను కొంత కప్పిపుచ్చుతుంది, బుష్ మాత్రం అరుగుతూనే ఉంటుంది. ఇంకోటి, ఒక్కోసారి కాయిల్ నుంచి పాయింట్లకు వచ్చే వైరు లోపల తెగి, పైన ఇన్సులేషన్ మాత్రం బాగానే కనబడుతుంది. పాయింట్లు కూర్చునే అడ్వాన్స్ ప్లేటు కదిలినప్పుడల్లా కరెంటు పోయి వస్తుంది. ప్లేటు ఎర్త్ వైరూ అంతే. ఇగ్నిషన్ ఆన్ చేసి, పాయింట్లు మూసి, కాయిల్ మైనస్‌కూ ఎర్త్‌కూ మధ్య మీటర్ పెట్టండి. పావు వోల్టు దాటితే రోగం ఆ దారిలోనే ఉంది.

అవి సరిచేశాక కూడా పాయింట్లు కాలుతుంటే ట్రాన్సిస్టర్ బాక్స్ పెట్టండి. పాయింట్ల మీద 4 ఆంపియర్ల బదులు ఆవగింజంత కరెంటు పోతుంది. బాక్స్ పోయినా వైర్లు తిరిగి పాత పద్ధతిలో కలిపి ఇంటికొచ్చేయవచ్చు.

గుత్తికోట:
ఆవగింజంత కరెంటు పోతే పాయింట్ల మీద నూనె పొర కట్టుకుంటాది సామీ.

హంద్రీనది:
కట్టుకుంటుంది, నిజమే. విజిటింగ్ కార్డును పెట్రోల్‌లో తడిపి పాయింట్ల మధ్య లాగితే పోతుంది. ఎమెరీ వద్దు, రేణువులు ఇరుక్కుంటాయి.

పెన్నాగట్టు:
షాఫ్ట్ పట్టుకుంటే పక్కకు కదులుతోంది సార్. బుష్ లేత్ షాపులో చేయించవచ్చా?

హంద్రీనది:
దొరికితే సింటర్డ్ బ్రాంజ్ (నూనె పీల్చే సన్నటి రంధ్రాలున్న కంచు) బుష్షే తీసుకోండి, పల్చటి ఇంజన్ ఆయిల్‌లో 24 గంటలు నానబెట్టి కొట్టించండి. షాఫ్ట్ బిగుతుగా ఉందని రీమర్ (లోపలి బొక్కను వెడల్పు చేసే పనిముట్టు) పెట్టనివ్వకండి. బుష్ రంధ్రాలు మూసుకుపోయి నూనె పట్టదు.