బోరు నీళ్ళకు సాఫ్టెనర్: పెట్టించినవాళ్ళు కాస్త చెప్పండి

గుంటూరు_కొత్తిల్లు:
విద్యానగర్‌లో ఇల్లు కట్టుకుని వచ్చి ఏడు నెలలైంది. మున్సిపల్ నీళ్ళు తాగడానికీ వంటకీ సరిపోతాయి, మిగతాదంతా బోరే. అప్పుడే షవర్ రంధ్రాలు మూసుకుపోయాయి. గీజర్ కాయిల్ ఒకసారి మార్చాం. నల్ల గ్రానైట్ మీద తెల్ల మరకలు ఎంత రుద్దినా పోవడం లేదు. నిన్న ఒకాయన వచ్చి టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం) మీటర్ ముంచి 1,150 చూపించాడు. "మా సాఫ్టెనర్ పెడితే 200కి దిగుతుంది" అంటున్నాడు. నమ్మొచ్చా? ఇంట్లో ఐదుగురం.

మోటారు_బాబాయ్:
ఆ మాట అన్నాడంటే ఆయన దగ్గర కొనకు బాబూ. సాఫ్టెనర్ టీడీఎస్ తగ్గించదు. లోపలి రెసిన్ గింజలు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని వాటి బదులు సోడియం వదులుతాయి. సున్నం పేరుకోవడం ఆగుతుంది, ఉప్పదనం ఎక్కడికీ పోదు. టీడీఎస్ తగ్గించేది ఆర్వో. నువ్వు కొలవాల్సింది హార్డ్‌నెస్, అంటే నీళ్ళలో ఆ కాల్షియం, మెగ్నీషియం ఎంతుందో. చుక్కల కిట్ దొరుకుతుంది, ఎర్రటి రంగు నీలంగా మారేదాకా చుక్కలు లెక్కపెట్టడమే పని. తాగేనీటికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం హార్డ్‌నెస్ లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 600 దాకా.

పటమట_వంటిల్లు:
మాకు కిట్ అక్కర్లేదండీ, కందిపప్పే చెప్పేస్తుంది. బోరు నీళ్ళతో నాలుగు కూతలెక్కువ వచ్చినా పలుకు పలుకుగానే ఉంటుంది.

గుంటూరు_కొత్తిల్లు:
కిట్ తెప్పించాను. బోరు 540, మున్సిపల్ నీళ్ళు 130. ఒకే ఇంట్లో రెండు కుళాయిలకి ఇంత తేడానా!

మోటారు_బాబాయ్:
అది కృష్ణ, ఇది భూమి లోపలి రాయీ సున్నమూ నానిన నీరు. ఇప్పుడు లెక్క చూడు. లీటరు రెసిన్ సుమారు 50 గ్రాముల హార్డ్‌నెస్ పడుతుంది. 25 లీటర్ల రెసిన్ ఉన్న డబ్బా అయితే 1,250 గ్రాములు. నీ 540కి సుమారు 2,300 లీటర్లు వస్తాయి, ఆ తర్వాత రెసిన్‌ని ఉప్పునీళ్ళతో కడిగి మళ్ళీ సోడియం ఎక్కించాల్సిందే. మనిషికి రోజుకి 135 లీటర్ల లెక్కన ఐదుగురికి 675. అంటే మూడున్నర రోజులకోసారి. ఫ్లష్‌లూ, మొక్కలూ, వాకిలి కడగడమూ దాని మీద పెట్టకపోతే ఐదు రోజులు లాగొచ్చు. ఒక్కోసారికి మూడు నుంచి నాలుగు కిలోల ఉప్పు. అమ్మేవాడు ఈ లెక్క చెప్పడు. ఇది ఫ్రిజ్‌లాగా పెట్టేసి మరిచిపోయే వస్తువు కాదు, గేదెను కట్టేసుకున్నట్టే.

కానూరు_రెండోఅంతస్తు:
బాబాయ్ గారి మాటకి ఇంకోటి కలుపుతాను. నేను చేసిన తప్పు ఎక్కడ బిగించాలో చూసుకోకపోవడం. మొదట పై ట్యాంకు నుంచి కిందికి దిగే లైనులో పెట్టించాను. పది అడుగుల ఎత్తు నుంచి వచ్చే ప్రెషర్ చాలదు, బాత్రూములో ధార దారంలా వచ్చింది. తీయించి సంపు నుంచి పైకెక్కే లైనుకి మార్చాం. అప్పుడు ఇంకో గొడవ. మోటారు గంటకి మూడు వేల లీటర్లు తోస్తుంటే 25 లీటర్ల రెసిన్ తట్టుకోదు, వెయ్యి దాకా అయితేనే సరిగ్గా పనిచేస్తుందన్నారు. మిగిలింది సంపులోకే తిరిగి పడేట్టు పైపుకి టీ జాయింట్ వేసి వాల్వు పెట్టాం. రెండు సార్లు ప్లంబర్ కూలి ఇచ్చుకున్నాక తెలిసిన విద్య ఇది, మీకు ఉచితం.

తాడేపల్లి_నీడ:
డ్రైను పైపు ఎక్కడికి వదులుతున్నారో చూసుకోండి. కడిగినప్పుడు వంద లీటర్లపైనే ఉప్పునీళ్ళు వస్తాయి. మావాళ్ళు పెరట్లోకి వదిలారు. ఎనిమిదేళ్ళ కరివేపాకు చెట్టు మాడిపోయింది. ఇరుగుపొరుగు అందరికీ అదే కరివేపాకు, ఇప్పటికీ అడుగుతుంటారు.

పటమట_వంటిల్లు:
మరి అత్తయ్యగారికి బీపీ ఉంది. ఆ నీళ్ళు తాగొచ్చా?

మోటారు_బాబాయ్:
తాగనివ్వకమ్మా. ప్రతి 100 హార్డ్‌నెస్‌కి లీటరులో 46 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. 540కి పావు గ్రాము దాకా. వంటగది కుళాయికి మున్సిపల్ లైను విడిగా ఉంచుకోవడం మేలు. లేదంటే సాఫ్టెనర్ తర్వాత ఆర్వో పెడితే సోడియం చాలావరకు పోతుంది, మెంబ్రేనూ ఎక్కువ కాలం వస్తుంది.

గొల్లపూడి_కుర్రాడు:
అన్నా, పైపుకి అయస్కాంతం చుడితే చాలంటున్నారు. ఉప్పు లేదు, రెసిన్ లేదు.

కానూరు_రెండోఅంతస్తు:
మా తోడల్లుడు చుట్టాడు తమ్ముడూ. కిట్‌తో ముందూ వెనకా కొలిస్తే ఒకే అంకె. కొలిచేదానికి చిక్కని మహిమ ఏమన్నా ఉందేమో ఆయన్నే అడగాలి. గీజర్‌లో మాత్రం గార అలాగే ఉంది.

బ్రాడీపేట_పాతిల్లు:
ఉప్పు సంగతి కూడా రాస్తాను. చినగంజాం వైపు నుంచి వచ్చే రాళ్ళుప్పు చవగ్గా దొరికిందని బస్తా వేయించాను. ముతక ఉప్పులో బురద ఉంటుంది, మెగ్నీషియం కూడా ఉంటుంది. అంటే రెసిన్ని కడగడానికి పోసే నీళ్ళలోనే మళ్ళీ హార్డ్‌నెస్! ఆరు నెలలకి వాల్వు జామ్. ఇప్పుడు శుభ్రం చేసిన ఉప్పే వాడుతున్నాను. మీ బోరులో తుప్పు రంగు నీళ్ళు వస్తుంటే ముందు దానికి ఫిల్టర్ పెట్టండి, ఐరన్ పడితే రెసిన్ పాడవుతుంది.

గుంటూరు_కొత్తిల్లు:
మూడు వారాల తర్వాత వచ్చాను. పెట్టించాం. సంపు లైనులోనే, పక్కన బైపాస్‌తో. కిట్‌లో మొదటి చుక్కకే నీలం. పాత మరకలకి నిమ్మ ఉప్పు నీళ్ళు రాసి అరగంట ఉంచితే చాలావరకు పోయాయి. (పూజ గదిలో పాలరాయి మీద మాత్రం రాయకండి, మెరుపు పోతుంది. ఇదీ అనుభవమే.) సబ్బు సగానికి సగం తక్కువ పడుతోంది. అమ్మకి మాత్రం నచ్చలేదు. ఎంత కడుక్కున్నా ఒళ్ళు జారుతూనే ఉంటుంది, సబ్బు వదల్లేదేమో అని మళ్ళీ రెండు చెంబులు పోసుకుంటోంది.

మోటారు_బాబాయ్:
సబ్బు వదిలిందమ్మా అని చెప్పు. పిండిలా అంటుకునే సున్నం తెట్టు ఇప్పుడు లేదు, అందుకే జారుడు. నెల పడుతుంది అలవాటవడానికి.

తాడేపల్లి_నీడ:
ఉప్పు బస్తా ఎక్కడ పెట్టారండీ? మా మెట్ల కింద పెడితే పక్కనున్న గేటు అడుగంతా తుప్పు పట్టింది.

గుంటూరు_కొత్తిల్లు:
అయ్యో, మాదీ మెట్ల కిందే. ఇప్పుడే వెళ్ళి చూస్తాను.